చలిని చూడబోతూ...

బెజవాడవాళ్ళకు చలికాలమంటే రెండు ఎండాకాలాల నడుమ దొరికే చిన్న ఊరట. కార్తీకం దాటాక తెల్లవారుజామున కృష్ణ మీద పలచగా మంచు లేస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద నడకకు వచ్చే పెద్దలు చెవులకు మఫ్లర్లు చుట్టుకుంటారు. ధనుర్మాసపు ముగ్గులు మొదలయ్యేసరికి మా ఇంట్లో ఫ్యాను అయిదు నుంచి రెండుకు దిగుతుంది. అంతే! తొమ్మిది గంటలకల్లా ఎండ మళ్ళీ వచ్చి తన చోటులో తాను కూర్చుంటుంది.

ఇటువంటి ఊళ్ళో ఉంటూ చలి కోసం మొహం వాచిపోవడం సహజమే కదా! ఈసారి ఎలాగైనా రెండు రోజులు కొండల మీద గడపాలని సంకల్పించాను. నిజం చెప్పాలంటే కారణం మరొకటి కూడా ఉంది. అమ్మ పోయినప్పటి నుంచి నాన్నగారు ఇల్లు కదలడం మానేశారు. పొద్దున వార్తాపత్రిక, సాయంత్రం వీధి చివర గుడి అరుగు, రెంటి నడుమా మౌనం. ఆయన్ని ఆ కుర్చీలోంచి ఎక్కడికైనా తీసుకుపోవాలని నా తపన.

ముందు అరకు అనుకున్నాను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన రైలు దారి, అందులో 58 సొరంగాలు, మధ్యలో బొర్రా గుహలు... మా అమ్మాయికి అంతకన్న పండగేముంటుంది? అయితే గుహల మెట్లు నాన్నగారి మోకాళ్ళకు పనికిరావు. పైగా విశాఖలో ఒక రాత్రి మజిలీ చెయ్యాలి. అలా మనసు లంబసింగి మీదికి మళ్ళింది.

లంబసింగి చింతపల్లి మండలంలోని ఊరు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. పత్రికలవాళ్ళు 'ఆంధ్రా కశ్మీరు' అని పేరు పెట్టారు గానీ, అక్కడివాళ్ళకు అది 'కొర్రబయలు'. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఎత్తు ఒక్కటే ఆ చలికి కారణం కాదు. మబ్బుల్లేని శీతాకాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. కొండవాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళలాగే పల్లానికి జారి లోయలో నిలిచిపోతుంది. అందువల్లే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు అక్కడ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపుకు పడిపోతుంది.

ఒక తెల్లకాగితం తీసుకుని ప్రణాళిక రాశాను. పొద్దున్నే రత్నాచల్ ఎక్కి తునిలో దిగడం, అక్కడి నుంచి కారులో నర్సీపట్నం, భోజనం, ఆపైన సుమారు 30 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. రాత్రి బస. మర్నాడు తెల్లవారకముందే లేచి చెరువులవేనం కొండ దగ్గర మంచు చూడడం, తాజంగి జలాశయం, స్ట్రాబెర్రీ తోటలు, వీలైతే కొత్తపల్లి జలపాతం. శని, ఆదివారాల్లో కార్లు బారులు తీరతాయని విని ఆ రెండు రోజులూ కొట్టేశాను. గుడారంలో పడుకుందామని అమ్మాయి గొడవ చేసింది గానీ, నాన్నగారి కోసం గోడలూ, వేడినీళ్ళూ ఉన్న గది చూశాను. సెలవులు, రైలు టిక్కెట్లు, గది మూడూ కలిసిన తేదీ ఒక్కటే దొరికింది. నవంబరు 18న ప్రయాణం, 19 తెల్లవారుజామున మంచు.

కాగితం తీసుకెళ్ళి నాన్నగారి చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"చలిని చూడ్డానికి డబ్బులిచ్చి వెళతారట్రా?" అని నవ్వారు. తరువాత వేలు తేదీ దగ్గర ఆగింది. "ఆ రోజు నేనెక్కడికీ రాను. మీరు వెళ్ళి రండి" అని కాగితం తిరిగి ఇచ్చేశారు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాది నాగాయలంక దగ్గర పల్లె. దివిసీమవాళ్ళకు 1977 నవంబరు 19 అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ శనివారం సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. వేలమంది పోయారు. మా నాన్నగారికి అప్పుడు ఇరవైమూడేళ్ళు. ఆయన తమ్ముడొకడు పోయాడని మాత్రం నాకు తెలుసు. ఉప్పెనలో కొట్టుకుపోయాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఏటా ఆ రోజు ఆయన ఒక్కరే బస్సెక్కి ఊరు వెళ్ళి చీకటిపడ్డాక తిరిగొస్తారు. అమ్మ ఉన్నంతకాలం ఆ తేదీ ఆవిడ గుర్తుపెట్టుకునేది. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ రాత్రి ఆయనే నా గదికి వచ్చారు. మంచం చివర కూర్చుని, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు.

"చింతచెట్టు ఎక్కాం ఇద్దరం. వాడి నడుముకి నా పంచె కట్టి కొమ్మకి బిగించా. రాత్రంతా వాన, గాలి. మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళు తీశాయి. బతికిపోయాం అనుకున్నా. తెల్లవారుతుండగా పిలిస్తే పలకలేదు. వాణ్ణి నీళ్ళు తీసుకుపోలేదురా. చలి తీసుకుపోయింది."

మన డెల్టాలో చలికి మనిషి చచ్చిపోవడమా అని నాలాంటివాడు అడుగుతాడు. తడిసిన ఒంటి మీద గంటల తరబడి గాలి కొడితే, మంచు పడనక్కరలేదు. మామూలు నవంబరు రాత్రే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. ఆయన చెట్టు మీద నేర్చుకున్నారు.

ప్రయాణం మానేద్దామన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత అడిగారు, "చింతపల్లి మీదుగా పోతుందా ఆ దారి?"

"లంబసింగి దాటాక చింతపల్లే నాన్నగారూ."

"కృష్ణ సీతారామరాజు సినిమా అక్కడే తీశారు. అవనిగడ్డలో చూశాం, వాడూ నేనూ. ఆ కొండలు చూడాలి అన్నయ్యా అనేవాడు."

నిజమే. 1974లో వచ్చిన ఆ చిత్రాన్ని చాలా భాగం చింతపల్లి అడవుల్లోనే తీశారు. కథ జరిగిన చోటు కూడా అదే. 1922 ఆగస్టు 22న రాజు దళం మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు ఠాణా మీదనే. ఆ పితూరీకి ఉన్న కారణాల్లో దారులు ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం ప్రజల చేత నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు పని చేయించాడు. సరైన కూలి ఇవ్వలేదు. రేపు మేము కారు అద్దాలు బిగించుకుని ఎక్కబోయే కొండదారి వెనుక ఆ కథ ఉంది. ఆ దారి వేసినవాళ్ళు ఏ చలిలో, ఏ గుడ్డతో పనిచేశారో! 'చూడవలసినవి' అంటూ రాసిన నా కాగితంలో మంచు ఉంది, జలపాతం ఉంది. అక్కడ ఏటా ఆ చలిలో బతికే మనుషులు మాత్రం లేరు.

మర్నాడు పాత టిక్కెట్లు రద్దు చేశాను. కొంత డబ్బు పోయింది, పోనీ. సర్వా కోతలు ముగిశాక, డిసెంబరు రెండో వారంలో, వారం మధ్యలో కొత్తగా తీసుకున్నాను. తెల్లవారుజామున కొండ ఎక్కేది నేనూ, అమ్మాయీ. నాన్నగారు బసలోనే కాఫీ తాగుతూ మంచు తొలగేదాకా ఉంటారు. తొమ్మిదింటికి అందరం కలిసి చింతపల్లి వెళతాం. ఓపిక ఉంటే తిరుగుదారిలో కృష్ణదేవిపేటలో రాజు సమాధి చూస్తాం. 19వ తేదీన మాత్రం ఈసారి నాన్నగారితో నేనూ ఊరు వెళుతున్నాను. అడిగితే 'సరే' అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

సామాన్ల జాబితా ఆయనే రాస్తానన్నారు. ఎన్నాళ్ళకో ఆయన చేతిలో కలం చూశాను. స్వెట్టర్లు, మంకీ క్యాపు, మోకాళ్ళ నూనె, టార్చిలైటు... గుండ్రటి అక్షరాలతో వరుసగా రాశారు. చివర రెండుసార్లు గీత గీసి, 'పొడిబట్టలు, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి - 5 జతలు' అని ఉంది.

"మనం నలుగురమే కదండీ?" అంది నా భార్య.

"ఉండనీ అమ్మా, ఎవరికైనా పనికొస్తాయి" అన్నారు.

వెళ్ళొచ్చాక విశేషాలు రాస్తాను.