మూడు పిన్నుల లెక్క

ముప్ఫై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. రుణసంఖ్యని తీసేస్తే విలువ పెరుగుతుందని బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఎవడో ఒకడు లేచి "ఎందుకు మాస్టారూ?" అనేవాడు. అప్పు మాఫీ అయితే లాభమే కదరా అని చెప్పి కూర్చోబెట్టేవాణ్ణి. ఆ లెక్క పరీక్ష పేపరు దాటి ఎక్కడో పనికొస్తుందని లోలోపల నాకే నమ్మకం లేదు. మొన్న శనివారం మా వీధి రామాలయంలో, ఒక నల్ల కేబులు సాక్షిగా, నమ్మకం కుదిరింది.

సంగతేమిటంటే, మా భజన బృందానికి సొంత మైకుసెట్టు వచ్చింది. ఇన్నాళ్లూ అద్దెదే. చింతచెట్టుకి రెండు బాకాలు కట్టడం, పది నిమిషాలు "హలో, హలో, మైక్ టెస్టింగ్", ఆ తర్వాత ఆగకుండా గుయ్యిమని ఒకటే మోత. ఆ గుయ్యి మీదే కీర్తనలు. మైకంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం. వానాకాలంలో కప్పల్లాగ, మైకుకి గుయ్యి సహజమే అనుకున్నాం.

కొత్తగా వచ్చినవి రెండు స్పీకర్లు, ఒక చిన్న మిక్సరు, నాలుగు మైకులు. స్పీకరుని ఒంటిచేత్తో ఎత్తొచ్చు. యాంప్లిఫయరు దాని కడుపులోనే ఉంది కాబట్టి విడిగా పెట్టె లేదు. కరెంటు వైరు ఒకటి, మిక్సరు నుంచి వచ్చే కేబులు ఒకటి, అంతే. మిక్సరేమో పోపులపెట్టెలా ఉంది. ఒక్కో అరలో ఒక్కో గొంతు. ఎవరిది ఎంత వెయ్యాలో, ఎవరికి ఘాటు తగ్గించాలో చేతిలో పని.

ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు వచ్చి గచ్చు మీద కేబుళ్లు పరిచాడు. ఒక కొసకి మూడు చిల్లులు, రెండో కొసకి మూడు పిన్నులు. "మావయ్యా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. శబ్దం ఎప్పుడూ పిన్నులున్న వైపుకే నడుస్తుంది" అన్నాడు. ఎంత తేలిక! మైకు దగ్గర చిల్లుల కొస, మిక్సరు దగ్గర పిన్నుల కొస. మళ్లీ మిక్సరు వెనక మెయిన్ అవుట్ అన్నచోట చిల్లుల కొస, స్పీకరు దగ్గర పిన్నుల కొస. ఎడమది ఒక స్పీకరుకి, కుడిది రెండోదానికి. లోపలికి దిగగానే టక్కుమని తాళం పడుతుంది. ఎవరి కాలు తగిలినా ఊడిరాదు. ఆ టక్కు వినడానికే నేను నాలుగుసార్లు తీసి పెట్టాను.

మొదట తగిలించినప్పుడు గొంతు పాతగుడ్డ చిరిగినట్టు వచ్చింది. డబ్బులు దండగయ్యాయని పక్కాయన అప్పుడే నిట్టూర్చాడు. చూస్తే స్పీకరు వెనక చిన్న మీట ఉంది, ఒకవైపు మైక్, ఇంకోవైపు లైన్. మైకు నుంచి పుట్టేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క. మిక్సరు పంపేది ఇంచుమించు ఒక వోల్టు. మీట మైక్ వైపు ఉంటే, వచ్చేది పసికూన గొంతనుకుని స్పీకరు దాన్ని ఇంకా పెంచేస్తుంది. మీట లైన్ వైపు జరిపాక రాముడు శాంతించాడు.

అప్పుడు తట్టింది, గుయ్యి లేదు. పాడేవాళ్లు ఆగితే గుళ్లో నిశ్శబ్దం. ఫ్యాను రెగ్యులేటరు అక్కడే ఉంది, ట్యూబులైటు అక్కడే ఉంది, కేబులు పక్కనుంచే సీరియల్ బల్బుల వైరు పోతోంది. మోత ఎక్కడికి పోయిందిరా అన్నాను.

వాడు ముగ్గుసుద్ద తీసుకుని గచ్చు మీద రాశాడు. మూడు పిన్నుల్లో ఒకటోది కేబులు చుట్టూ ఉండే అల్లికకి, అంటే ఎర్తుకి. రెండోదాంట్లో గొంతు మామూలుగా పోతుంది. మూడోదాంట్లో అదే గొంతు తలకిందులుగా పోతుంది. గొంతు 7 అనుకుంటే ఒక తీగలో 7, ఇంకోదాంట్లో మైనస్ 7. దారిలో కరెంటు మోత అంటుకుంటుంది, అది 3 అనుకుందాం. రెండు తీగలూ మెలివేసుకుని పక్కపక్కనే ఉన్నాయి గనక రెండిటికీ ఒకేలా అంటుకుంటుంది. అవతలికి చేరేసరికి ఒకటి 10, ఇంకోటి మైనస్ 4. అక్కడ స్పీకరు చేసే పనల్లా మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసెయ్యడం. పదిలోంచి మైనస్ నాలుగు తీస్తే పద్నాలుగు. గొంతు రెట్టింపైంది, మోత సున్నా!

నేను ఆ గచ్చు మీదే కూలబడ్డాను. ముప్ఫై రెండేళ్లూ ఈ ఉదాహరణ నా దగ్గర ఎందుకు లేకపోయిందని కోపమొచ్చింది. నా శిష్యుల్లో ఎంతమంది ఈ కేబుళ్లే భుజాన మోసుకు తిరుగుతున్నారో!

ఆపై నాదీ ఒక గొప్ప ఉంది, చెప్పకుండా ఉండలేను. శ్రుతి కోసం ఫోన్లో తంబూరా పెడతాం. ఫోనుకి వైరు పెట్టి, దాని లావుపాటి స్టీరియో ప్లగ్గుని మిక్సరులో ఒక అరకి గుచ్చాం. శ్రుతి రాలేదు. ఎక్కడో దోమ తిరుగుతున్నట్టు సన్నగా ఏదో. అదే వైరు విప్పి ఇయర్‌ఫోను పెడితే ఫోన్లో తంబూరా చక్కగా మోగుతోంది. మేనల్లుడు బుర్ర గోక్కున్నాడు. నేను గచ్చు మీది లెక్క చూస్తూ ఉన్నాను. ఫోను ఎడమచెవికి 7 పంపింది, కుడిచెవికీ 7 పంపింది. మిక్సరు దాన్ని మన మూడు పిన్నుల బాపతు అనుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. ఏడులోంచి ఏడు! మోతని మింగిన తీసివేతే తంబూరానీ మింగేసింది. "మావయ్యా!" అని వాడు కళ్లు పెద్దవి చేసిన క్షణం నా పదవీవిరమణ సన్మానం కన్నా బాగుంది. ఫోను వైపు ఒక ప్లగ్గు, మిక్సరు వైపు రెండు విడి ప్లగ్గులు ఉండే కేబులు మర్నాడు కొన్నాం. రెండు అరల్లో పెడితే శ్రుతి గుడంతా నిండింది.

కుయ్యిమనే కూత సంగతి కూడా తేలింది. స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ స్పీకరుకెక్కి, చుట్టూ తిరుగుతూ పెరిగిపోవడమే అది. డెన్మార్కు భౌతికశాస్త్రజ్ఞుడు లార్సెన్ పేరు పెట్టారట దానికి. స్పీకర్లని మాకన్నా నాలుగడుగులు ముందుకి, జనం వైపు తిప్పి పెట్టాం, సగం పీడ వదిలింది. మిగతా సగం మా బృందంలో పెద్దాయన వల్ల. ఆయన మైకు తలకాయని గుప్పిట్లో బిగించి కళ్లు మూసుకుని పాడతారు. అలా మూస్తే మైకు ఎదుటి గొంతునే కాక వెనక శబ్దాన్ని కూడా పట్టేస్తుంది. "బాబాయిగారూ, కాస్త కిందకి పట్టుకోండి" అంటే రెండు చరణాలు గుర్తుంటుంది. మూడో చరణంలో భక్తి ఎక్కువై గుప్పిట మళ్లీ పైకొస్తుంది. దానికి మిక్సరులో మీట లేదు.

ఒక్కో గొంతు ఎడమ స్పీకరుకెంత, కుడిదానికెంత అని పంచే పాన్ మీటలన్నీ మధ్యలోనే ఉంచాం. తబలాని ఎడమకి తిప్పితే కుడివైపు కూర్చున్న ఆడవాళ్లకి తాళం అందదు. ఆన్ చెయ్యడంలో మిక్సరు ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు. వరస తప్పితే ధడేల్మంటుంది, గోపురం మీది పావురాలన్నీ లేస్తాయి. ఇది స్వానుభవం.

గచ్చు మీది లెక్కని పూజారిగారు ఇంకా కడగనివ్వలేదు. శనివారం సాయంత్రం ఆరున్నరకి భజన. మీ వీధి గుళ్లో మైకు గుయ్యిమంటుంటే ఒకసారి వచ్చి మా నిశ్శబ్దం విని వెళ్లండి.