లోపం ఆటదా, మద్దెలదా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని తెలుగువారి సామెత. నేర్పు చాలనివాడు పనిముట్టును నిందిస్తాడని దాని భావం. అయితే మద్దెల నిజంగానే ఓడైనప్పుడు ఆడేవారి నేర్పును దేనితో కొలవాలో ఆ సామెత చెప్పదు. ఫార్ములా వన్ కారు పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్‌ను గురించి రెండు దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతున్నది. ఆయనను అంతదూరం తీసుకుపోయింది ప్రతిభా, అదృష్టమా? అంతకు మించి పోనీయనిది ప్రతిభాలోపమా, దురదృష్టమా? ఇద్దరు అభిమానులు కలిస్తే ఈ విషయంలో మూడు అభిప్రాయాలు వినవస్తాయి.

1977లో జన్మించిన కార్తికేయన్ కోయంబత్తూరులో పెరిగారు. తండ్రి ర్యాలీ పోటీలలో పేరు గడించినవారు కావడంతో వేగం ఆయనకు ఇంటి విద్య అయింది. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలలోను, 1996లో ఫార్ములా ఏషియాలోను విజేతగా నిలిచారు. 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో జోర్డాన్ జట్టు పసుపు రంగు కారులో ఆయన పందెపు వరుసలో నిలిచిన నాడు, అంతవరకు పరాయివారి వేడుకగా తిలకించిన ఆటలో భారతీయ అభిమానులకు సొంత మనిషి దొరికాడు. వాదం కూడా ఆనాడే మొదలైంది.

ఆయనను తక్కువగా అంచనా వేసేవారి చేతిలోని పదునైన ఆయుధం అంకెలు. ఫార్ములా వన్‌లో ఆయన బరిలోకి దిగిన పందేలు 46. సంపాదించిన పాయింట్లు 5. అవి కూడా ఒక్కనాడే, 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో లభించాయి. అక్కడ వాలుగా కట్టిన మలుపు వద్ద తమ టైర్లు నిలుస్తాయని మిషెలిన్ సంస్థ హామీ ఇవ్వలేకపోయింది. ఆ టైర్లు వాడే 14 కార్లు సన్నాహపు చుట్టు ముగించి, పందెం ఆరంభం కాకముందే వెనుదిరిగాయి. మిగిలిన 6 కార్లలో కార్తికేయన్‌ది నాలుగో స్థానం. ఇది కాకతాళీయం కాక మరేమిటని వారి ప్రశ్న.

సమర్థకుల సమాధానం కూడా కొట్టివేయదగినది కాదు. ఎదుటివారి టైర్లు చెడడం ఆయన దోషం కాదు. 73 చుట్లూ కారును పదిలంగా నడిపి గమ్యం చేర్చడం మాత్రం ఆయన పనే. అయితే ఆనాడు అదే జట్టుకు చెందిన టియాగో మాంటెయిరో ఆయనకన్నా ముందు, మూడో స్థానంలో ముగించాడు. ఒకే రకం కారులో తోటివాడు ముందున్నప్పుడు అదృష్టాన్ని గురించిన మాట అంతటితో ఆగిపోవలసి వస్తుంది.

అదే సంవత్సరం అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో మరొక విచిత్రం జరిగింది. పందెంలో ఎవరు ఎక్కడ నిలవాలో నిర్ణయించే అర్హత పరుగులు ఆనాడు ఒక్కొక్క కారుగా సాగాయి. వాన అంతకంతకు ముదిరింది. ముందుగా పరుగు ముగించినవారు బతికిపోయారు. చివర వచ్చినవారు నీటిలో ఈదారు. కార్తికేయన్‌కు 11వ స్థానం దక్కగా, ప్రపంచ విజేత పదవికి పోటీపడిన కిమి రైకోనెన్ 17వ స్థానానికి జారిపోయాడు. మరునాడు ఎండ కాసింది. రైకోనెన్ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, ఆఖరి చుట్టులో ఆధిక్యం సంపాదించి గెలిచాడు. కార్తికేయన్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు. వాన ఇచ్చిన స్థానాన్ని ఎండ తిరిగి తీసుకున్నది.

దీనిని ప్రతిభకు సంబంధించిన తీర్పుగా భావించవచ్చునా? రైకోనెన్ అసామాన్యుడన్నది నిజం. ఆ సంవత్సరం అతని చేతిలోని మెక్‌లారెన్ కారు కూడా అసామాన్యమైనదన్నది అంతే నిజం. క్రికెట్‌లో పేద జట్టు బ్యాటుకు, ధనిక జట్టు బ్యాటుకు పెద్ద తేడా ఉండదు. ఫార్ములా వన్‌లో ప్రతి జట్టూ తన కారును తానే నిర్మించుకుంటుంది. ఒక్కొక్క చుట్టులో రెండు మూడు సెకన్ల తేడా యంత్రంలోనే ఇమిడి ఉన్నప్పుడు, మనిషి దానిని పూడ్చగలిగేది బహు స్వల్పం. కనుక అక్కడ మిగిలే కొలబద్ద ఒక్కటే: అదే కారు నడిపే సహచరుడు.

ఆ కొలబద్ద కూడా ఒక్క మాట చెప్పదు. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రీలో హిస్పానియా జట్టు తరఫున కార్తికేయన్ 17వ స్థానంలోను, సహచరుడు డేనియల్ రికియార్డో 18వ స్థానంలోను ముగించారు. ఆ రికియార్డోయే తరువాతి కాలంలో 8 గ్రాండ్ ప్రీలు గెలిచాడు. సమర్థకులు ఈ సంగతిని తాయెత్తులా దాచుకున్నారు. కాని 2012లో అదే జట్టులో పెడ్రో డి లా రోసా అర్హత పరుగులలో తరచు ఆయనకన్నా ముందుండేవాడు. ఒకనాటి గెలుపును గుర్తుంచుకొని, ఏడాది పొడుగునా జరిగినదాన్ని మరచిపోవడం అభిమానం చేసే పనే గాని, న్యాయం చేసే పని కాదు.

ఇక డబ్బు మాట. టాటా వంటి సంస్థల అండ లేకుంటే ఆయనకు చోటే లభించేది కాదని ఒక నింద. అది నిజమే, కాని నింద కాదు. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన నికీ లౌడా సైతం తొలినాళ్లలో బ్యాంకు వద్ద అప్పు చేసి జట్టులో స్థానం సంపాదించాడు. ఐరోపాలో బాలురు ఏడెనిమిదేళ్ల వయసులోనే చిన్న కార్లతో పందేలు మొదలుపెడతారు. కార్తికేయన్ బాల్యంలో భారతదేశాన అటువంటి సోపానమే లేదు. లేని మెట్లు ఎక్కవలసిన వానికి అండ లంచం కాదు, నిచ్చెన.

దురదృష్టం కూడా ఆయనను విడిచిపెట్టలేదు. 2009లో లె మాన్ 24 గంటల పందెం ఆరంభానికి కొద్ది ముందు పడిపోయి, భుజం కీలు తప్పడంతో పాల్గొనలేకపోయారు. ఆ మరుసటి ఏడాది అమెరికాలో నాస్కార్ ట్రక్కు పందేలలో పాల్గొన్నప్పుడు, అభిమానుల ఓట్లతో ఆ తరగతిలో అత్యంత జనప్రియ డ్రైవరుగా ఎన్నికయ్యారు. అభిమానులు ఓటు ఇవ్వగలరు. వేగవంతమైన కారును ఇవ్వలేరు.

2012 చివర హిస్పానియా జట్టు మూతపడింది. కార్తికేయన్‌కు 36వ ఏడు సమీపిస్తున్నది. గౌరవంగా తప్పుకోవాలని కొందరు, మరొక అవకాశం కోసం వేచి ఉండాలని కొందరు ఆయన భవిష్యత్తును నిర్ణయించబోయారు. ఆయన రెండూ చేయలేదు. 2014లో జపాన్ వెళ్లి, అందరూ దాదాపు ఒకే తీరు కార్లు నడిపే సూపర్ ఫార్ములాలో 2018 వరకు పోటీపడ్డారు. అక్కడ యంత్రం మాటున దాగడానికి వీలులేదు. అక్కడ ఆయన విజయాలు మూటగట్టుకోలేదు, వెనుదిరగనూ లేదు. 2019 నవంబరులో, జపాన్ సూపర్ జీటీ కార్లు, జర్మనీ డీటీఎం కార్లు కలిసి పాల్గొన్న ఫూజీ పోటీలలో రెండో పందెం గెలిచారు. అప్పటికి ఆయన వయసు 42.

ఇది కేవలం కాలక్షేపపు వాదమైతే ఇంత చర్చ అవసరం లేదు. కాని ఫార్ములా వన్ పందెంలో దిగిన భారతీయులు ఇప్పటివరకు ఇద్దరే; రెండోవాడు 2010లో ప్రవేశించిన కరుణ్ చందోక్. కొయంబత్తూరులోనో, చెన్నై శివారులోనో తొలిసారి హెల్మెట్టు తగిలించుకునే బాలుడు మొదటివాని కథను ఎలా వింటాడన్నదానిపై చాలా ఆధారపడి ఉంది. అంతా డబ్బు మహిమ అని చెబితే, లేనివాడు ప్రయత్నమే మానుకుంటాడు. అంతా దురదృష్టమని చెబితే, ఉన్నవాడు తన లోపాన్ని దిద్దుకోవడం మానుకుంటాడు. రెండు కథలూ ఆ బాలునికి హాని చేసేవే.

దైవాన్ని, పురుషకారాన్ని వేరుచేసి తూచే త్రాసు ఏ పందెపు మైదానంలోనూ లేదు. కార్తికేయన్ రైకోనెన్ అంతటివాడు కాడని ఒప్పుకొనడం ఆయనను చిన్నబుచ్చడం కాదు. మంచి కారు దొరికితే మరికొన్ని పాయింట్లు వచ్చేవనడమూ అతిశయోక్తి కాదు. ఈ రెండింటినీ ఒకేసారి నమ్మగలిగిన అభిమాని ఆయనను సరిగా చూసినవాడు. మద్దెల ఓడన్న సంగతి కార్తికేయన్‌కు అందరికన్నా బాగా తెలుసు. అయినా ఆయన ఆట ఆపలేదు.