అడగకుండా లోపలికొచ్చే చుట్టాలు

మా అత్తమ్మకు ఒక అలవాటుంది. ఇల్లు ఆవిడదే. ఉన్నవి రెండు గదులు. మా గదికి తలుపు సరిగ్గా పడదు, పరదా ఒక్కటే అడ్డం. అయినా ఆ పరదా బయట నిలబడి "అందర్ ఆవూఁ క్యా బేటీ?" అని అడగనిదే లోపలికి రాదు. పెళ్లయిన కొత్తలో నాకు సిగ్గేసేది. పదకొండేళ్లలో అది అలవాటైపోయి, ఎందుకు అడుగుతుందో అని ఆలోచించడమే మానేశాను.

మాది మోర్తాడ్. మా ఆయన ఏడేళ్లుగా కువైట్‌లో ఉన్నారు. ఇక్కడ నేను, అత్తమ్మ, మామయ్య, మా పాప, ఎకరం పసుపు. ఇంట్లో మాట ఉర్దూ అయినా నా చదువంతా తెలుగు మీడియంలో సాగింది, అందుకే మనసులో మాట రాయాలంటే తెలుగే వస్తుంది.

మనిషి గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఫోన్ వద్దనుకోవడానికి ఉండదు. పాప తన నాన్నను ఎక్కువగా చూసింది అందులోనే. కానీ ఆయన ఒక్కరి కోసం తెరిచిన తలుపులోంచి ఊరంతా వచ్చేసింది. అత్తింటి గ్రూపు, పుట్టింటి గ్రూపు, బడి గ్రూపు, పసుపు రేట్ల గ్రూపు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు ప్రారంభమయ్యాక ఆ చివరి గ్రూపుకు రాత్రీ పగలూ లేకుండా పోయింది. ఒకరు రేటు పెరిగిందంటే, ఇంకొకరు పడిపోయిందంటారు. ఇవి కాక స్టేటస్‌లు, రీల్స్.

ఆ ఏడే, రంజాన్ ఇంకో పది రోజులుందనగా జరిగింది ఇది. పగలంతా కల్లంలో ఉడకబెట్టిన పసుపు తిరగేసి, వేళ్ల సందుల్లో పచ్చరంగు కూడా పోకుండా మంచమెక్కాను. నడుం నొప్పికి నిద్ర పట్టలేదు. ఫోన్ తీశాను. రాత్రి పదకొండున్నర. దూరపు చుట్టం ఒకామె స్టేటస్‌లో కొత్త బంగారు గాజులు. వాళ్లాయన కూడా కువైటే. మా ఆయన తర్వాత రెండేళ్లకు వెళ్లాడు.

ఏమనుకున్నానో ఏమో, మా ఆయనకు మెసేజ్ పెట్టేశాను: "అందరూ అక్కడే ఉన్నారు. మీరు మాకేం చేశారు?"

పొద్దునకల్లా నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఫోన్ రాలేదు. నేనేమన్నా తగ్గానా? ప్రశ్న గుర్తులు పంపాను. ఒకటి, రెండు, అయిదు.

రెండో రాత్రి ఆ టిక్కులే చూస్తూ కూర్చుంటే పరదా బయట అత్తమ్మ గొంతు. తల ఎత్తకుండానే "రండి అమ్మీ" అన్నాను. వచ్చి మంచం అంచున కూర్చుంది. కాసేపు నన్ను, నా మొహం మీది వెలుతురును చూసి నెమ్మదిగా అంది: "నేను అడిగి వస్తాను బేటీ. ఇందులో ఉన్నవాళ్లు ఎవరూ అడగరా?"

నాకు మాట రాలేదు. "మీరెందుకు అడుగుతారు అమ్మీ, ఇల్లు మీదే కదా" అన్నాను. "నూర్ సూరాలో ఉంది కదా" అని లేచి వెళ్లిపోయింది.

ఫజర్ నమాజు తర్వాత తెలుగు అనువాదం తీసి చదివాను. ఇతరుల ఇళ్లకు వెళ్తే సలాం చెప్పి, అనుమతి అడిగి లోపలికి వెళ్లాలి. వెనక్కి వెళ్లమంటే వెళ్లిపోవాలి. ఇంతవరకు తెలిసిందే. 58వ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో తిరిగే పిల్లలు కూడా మూడు వేళల్లో అడిగే రావాలట: ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత. కడుపున పుట్టిన పిల్లకే హద్దుంటే, ఎవరో దూరపు చుట్టం గాజులు రాత్రి పదకొండున్నరకు నా మంచం మీదికి ఎలా వచ్చాయి? నేనే కదా రానిచ్చింది!

ఆ మూడు వేళలే నేనూ పెట్టుకున్నాను. ఇషా చదవగానే ఫోన్ వంటింటి అరలో, పోపుల డబ్బా పక్కన. మళ్లీ ఫజర్ అయ్యాకే. మధ్యాహ్నం ఒక గంట కూడా అంతే. మరి మా ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు కదా ఫోన్ చేస్తారు? ఇషా తర్వాత కబుర్లు పెట్టుకోవడం ప్రవక్తకు ఇష్టముండేది కాదని హదీసు. ఇంటివాళ్లతో మాట్లాడుకోవడం మాత్రం అందులోకి రాదని పండితులు చెబుతారు. అందుకే గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టి, ఆయన కాల్ మోగేలా ఉంచాను.

మొదటి వారం మూడు రాత్రులు వంటింట్లోకి నీళ్ల కోసమని వెళ్లి చూశాను. దాహం లేదని నాకూ తెలుసు.

ఇంకో భయం పట్టుకుంది. గ్రూపులో పలకకపోతే బంధుత్వం తెంపుకున్నట్టు కాదా? మన దీన్‌లో సిలా రహ్మీ చిన్న విషయం కాదు. ఆలోచిస్తే, గ్రూపులో అరవై మందికి గులాబీ పువ్వు పెడుతున్నాను కానీ ఆర్మూర్‌లో ఉన్న మా ఖాలా మోకాళ్ల నొప్పి సంగతి ఆరు నెలలుగా అడగలేదు. ఇప్పుడు రోజుకు ఒక్కరికి, అసర్ తర్వాత, ఫోన్ చేస్తాను. ఆ గాజులామెకూ చేశాను. గాజుల ఊసు రాలేదు. పిల్లాడి చదువు గురించి ఆమెకున్న దిగులు మాత్రం గంటసేపు విన్నాను.

మా ఆయన మూడో రోజు ఫోన్ చేశారు. "డ్యూటీ బస్సు ఎక్కేటప్పుడు చదివాను. రోజంతా అదే మోశాను" అన్నారు, అంతే. నేను మాఫీ అడిగాను. తప్పు మెసేజ్ ఒక్కటే కాదని తర్వాత అర్థమైంది. మూడుసార్లు అడిగినా అనుమతి రాకపోతే వెనుదిరగాలని హదీసు. నేను అయిదుసార్లు తలుపు బాదాను. నా తలుపు మూసుకునే హక్కు నాకుంటే, ఎదుటివాళ్లకూ ఉంటుంది. ఇప్పుడు నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే, ఆ మనిషికి ఇప్పుడు వీల్లేదేమో అనుకుని పనిలో పడుతున్నాను. అందరికంటే ఎక్కువ శాంతి నాకు ఇక్కడే దొరికింది.

ప్రాపంచిక విషయాల్లో మనకంటే పై వాళ్లను కాదు, తక్కువ ఉన్నవాళ్లను చూడమన్నారు ప్రవక్త. ఆ గాజులు నాకు ఇప్పటికీ నచ్చుతాయి, అబద్ధం ఎందుకు? కానీ రాత్రి పదకొండున్నరకు నచ్చవు.

నిన్న మధ్యాహ్నం నడుం వాల్చాను. పరదా బయట చిన్న గొంతు: "అందర్ ఆవూఁ క్యా అమ్మీ?" మా పాప. నేనెప్పుడూ నేర్పలేదు.

మీ ఇంట్లో మీకని ఏ వేళ ఉంది? ఆ వేళలో ఎవరెవరిని రానిస్తున్నారు? ఒకసారి చూసుకోండి.