బందరులో మూడు రోజులు

ప్రయాణమంటే మా ప్రాంతంలో ఒక పని. పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో, పరీక్షకో, కోర్టు వాయిదాకో, మొక్కు చెల్లించడానికో మనిషి ఊరు దాటుతాడు. పని ముగియగానే తిరుగు బస్సు పట్టుకుంటాడు. ఖమ్మం మొదలుకొని భద్రాచలం అడవుల అంచు వరకు గల పల్లెలలో, చిన్న పట్టణాలలో ఇది తరతరాలుగా వస్తున్న ఆచారం. ఏ పనీ లేకుండా, కేవలం మనసు కోరిన సుఖం కోసం సొంత డబ్బు వెచ్చించి, ఒక ఊరికి పోయి ఉండి రావడం ధనికులకే చెల్లినదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు సబబు అన్నదే ఈ వ్యాసంలో మేము ఆలోచించదలచిన విషయం.

మేము నలుగురము ఒకప్పుడు ఈ కళాశాల విద్యార్థినులము. ఇద్దరి ఇంట ఉర్దూ, ఇద్దరి ఇంట తెలుగు. ఇప్పుడు పాల్వంచకు అటూ ఇటూ ఉన్న చిన్న పాఠశాలలలో ఉపాధ్యాయినులము. నెలకు తలా 300 రూపాయల వంతున 20 నెలలు కూడబెట్టగా 24,000 రూపాయలు అయినవి. ఆ సొమ్ముతో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాత పట్టణాన్ని చూడాలని, అక్కడ మూడు రోజులు ఏ బరువూ లేకుండా గడపాలని నిశ్చయించుకొన్నాము. మచిలీపట్టణమే మా ఎంపిక.

ఈ సంగతి ఇళ్ళలో తెలియగానే ప్రశ్నలు మొదలైనవి. "అక్కడ మనవాళ్ళెవరున్నారమ్మా?" అని ఒక ఇంట అడిగారు. "వహా కామ్ క్యా హై, దుల్హన్?" అని మరొక ఇంట అత్తగారు అడిగారు. ఆ డబ్బుతో పిల్లకు చెవికమ్మలు వచ్చేవి కదా అన్నది మూడవ ఇంటి మాట. ఎవరూ కోపంతో అనలేదు. ఆడవారు సంపాదించిన ప్రతి రూపాయికీ ఇంట్లో ముందే ఒక పేరు రాసి ఉంటుంది. ఆ పేరు తన సొంతం కావడం వారికి వింతగా తోచింది, అంతే. "పని లేదు. చూసి వస్తాము" అని మాత్రమే మేము చెప్పాము. ఆ చిన్న మాట చెప్పడానికి మాకు చాలినంత ధైర్యమే కావలసి వచ్చింది.

ఖమ్మంలో రైలెక్కి విజయవాడలో దిగి, అక్కడి నుండి బస్సులో ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరాము. అడవి, గుట్టలు చూసి పెరిగిన కళ్ళకు ఆ కృష్ణా డెల్టా పచ్చదనం ఒక వింత: ఎటు చూసినా కాలువలు, వరి, అడ్డులేని ఆకాశం. బందరు అన్న పేరే ఫారసీ మాట. రేవు అని దాని అర్థం. ఉర్దూ ఎరిగిన మా మిత్రురాండ్రకు ఆ పేరు వినగానే ఊరు సగం పరిచయమైనది.

నిజానికి ఆ ఊరు మనకు పరాయిది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రాజ్యానికి ప్రధానమైన రేవు బందరు. మన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా పన్ను వసూలు చేసిన రోజులలో, అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో, బందరు రేవు సుంకం, మన అడవిసీమ శిస్తు ఒకే ఖజానాకు చేరేవి. బందరులో ఎక్కిన సరుకు పర్షియాకు, ఎర్రసముద్రపు రేవులకు పోయేది. హజ్ యాత్రికులూ అక్కడి నుండి ఓడలెక్కేవారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ తన కోఠీని పెట్టినది. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా వచ్చారు. 1759లో ఫ్రెంచివారి నుండి ఇంగ్లీషువారు బందరు కోటను గెలుచుకొన్న తరువాత కోస్తా తెలుగు సీమ చరిత్రే మారిపోయినది.

చరిత్ర పాఠం కోసమే వెళ్ళినట్లు చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. మొదటి సుఖం మాకు మరొక చోట దొరికినది. తెల్లవారి కిటికీలో ఎండ పడే వరకు పడుకొన్నాము. ఎవరో కాచి తెచ్చిన టీ మంచం మీద కూర్చుండి త్రాగాము. మూడు రోజులు మరొకరు వండి వడ్డించగా తిన్నాము. సముద్రపు చేపల పులుసు మళ్ళీ అడిగి వేయించుకొన్నాము. పెళ్ళి అయిన నాటి నుండి తాను కూర్చున్న విస్తరిలో ఇంకొకరు వడ్డించడం ఇదే మొదలని మాలో ఒకరు అన్నప్పుడు, ఎవరమూ నవ్వలేదు.

మంగినపూడి సముద్రం బందరుకు 11 కిలోమీటర్ల దూరం. అక్కడి ఒడ్డున బంగారు ఇసుక లేదు. నల్లని ఒండ్రు నేల, లోతు తక్కువైన నీరు. చీర అంచులు తడుస్తున్నా లెక్కచేయక గంటల తరబడి నిలబడ్డాము. ఆ సముద్రమే 1864 నవంబరు 1న తుఫానుతో ఊరి మీద పడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ దెబ్బ తరువాత రేవు మళ్ళీ పూర్వపు వైభవానికి రాలేదు. 2023 మే నెలలో మంగినపూడి ప్రాంతంలో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగినది. కోట శిథిలాలూ, చెక్కడపు రాళ్ళున్న డచ్చివారి సమాధులూ చూసినప్పుడు, ఎంత దూరం వచ్చి ఎంత ధనం గడించినవారికైనా చివరకు మిగిలినది పేరు చెక్కిన ఒక రాయేనన్న తలపు కలుగక మానదు.

మూడవ రోజు దగ్గరలోని పెడనకు వెళ్ళాము. అక్కడ కలంకారీ అద్దకం చూడడం మా విహారంలో అన్నిటికంటె విలువైన భాగం. కలం, కారీ అన్న ఆ రెండు మాటలూ ఫారసీవే. చేతులు మాత్రం తెలుగువారివి. ముందుగా బట్టను కరక్కాయ రసంలోను, గేదె పాలలోను ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీస్తారు. ఎరుపు నిలవడానికి పటిక కావాలి. ఇక అచ్చులు టేకు చెక్కతో చెక్కినవి. కరక్కాయ, టేకు — రెండూ మన అడవిలో మనం రోజూ చూసేవే! మనం విలువ కట్టని అడవి కాయ, అక్కడ ఒక రంగు చెదరకుండా పట్టి ఉంచుతున్నది.

ఆ రంగు బట్టలు ఒకనాడు పర్షియా ప్రభువుల మేడలకు, యూరపు సంపన్నుల ఇండ్లకు అలంకారాలైనవి. అద్దినవారి ఇంట ఎంత వెలుగు ఉన్నదో చరిత్ర పుస్తకాలు అంతగా చెప్పవు. ఈనాడు కూడా నడుము వంచి అచ్చు మీద అచ్చు వేసేవారిని, కాలువ నీటిలో నిలబడి బట్ట జాడించేవారిని చూసినప్పుడు మాకు ఒక సంగతి స్పష్టమైనది. సుఖం తప్పు కాదు. ఒకరి శ్రమకు వెల కట్టకుండా అనుభవించే సుఖమే తప్పు. మేము తలా ఒక దుప్పటి కొన్నాము. చెప్పిన ధరకు బేరమాడలేదు. మా జీతాన్ని ఎవరైనా బేరమాడితే మాకు ఎట్లుండునో మాకు తెలుసును.

తిరిగి వచ్చేటప్పుడు బందరు లడ్డు కట్టించుకొన్నాము. శనగపిండి పూసను నేతిలో వేయించి, దంచి, బెల్లపు పాకంలో కలిపి, మళ్ళీ దంచి చేసే తొక్కుడు లడ్డు అది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. బుందేల్‌ఖండు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ మిఠాయిని అక్కడికి తెచ్చినవని చెప్పుకొంటారు. పేరు ఫారసీ, మిఠాయి ఉత్తరాదిది, బెల్లం తెలుగు నేలది. ఒక ఊరు గొప్పదగుట ఇట్లే కాబోలు.

విద్యార్థినీ విద్యార్థులారా! పొదుపు మంచిదని మీకు ఎందరో చెప్పి ఉంటారు. మేమూ తరగతిలో అదే చెబుతాము. అయితే ఎన్నడూ తన కోసం ఖర్చు కానిది పొదుపు కాదు, అలవాటైన లేమి. అప్పు చేయకుండా, ఒకరి ముద్ద లాగుకొనకుండా, స్వార్జితంతో మూడు రోజుల సుఖం కొనుక్కోవడానికి కూలివానికీ హక్కున్నది, ఉపాధ్యాయినికీ హక్కున్నది. అందుకొక మొక్కునో, పెళ్ళినో సాకుగా చూపవలసిన పని లేదు. లోకులు మన భద్రాద్రికి దూరాల నుండి వస్తారు; మనము మాత్రం ఇల్లు కదలరాదని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఇప్పుడు మా రెండవ విడత కూడిక మొదలైనది. ఈసారి వంతులు ఐదు. "వహా కామ్ క్యా హై" అని అడిగిన అత్తగారే ఐదవవారు. లడ్డు రుచి చూసిన మరునాడు తమ పింఛను నుండి 300 రూపాయలు తీసి మా చేతిలో పెట్టి, సముద్రం ఇంతవరకు చూడలేదని మాత్రం అన్నారు.