మొక్కలును అడవియు

మా మానవపాడు కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో నున్నది. నదులు రెండున్నవి గాని యడవి లేదు. 2015లో హరితహారము మొదలైనప్పుడు, రాష్ట్రమున పచ్చదనమును నూటికి 24 వంతులనుండి 33 వంతులకు పెంచవలెనని పిల్లలచే వల్లెవేయించి మొక్కలు నాటించితిమి. మంచిపనియే. కాని చెంచులు త్రవ్వుకొను దుంపయు, పట్టుకొను తేనెయు బడితోటలో దొరకవు. అందులకు నల్లమల యుండవలెను.

ఆ నల్లమలలో, అమ్రాబాదు పులుల అభయారణ్యమున, 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియమును వెదకుటకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగ సమ్మతించెను. వెదకుటయే గదా, త్రవ్వుట గాదు గదా యని కొందఱు విజ్ఞు లందురు. నేలకు తూట్లు పొడుచుటకు యంత్రములు పోవలెను. యంత్రములకు దారి వేయవలెను. దారిపడిన యడవిలోనికి పిమ్మట నెవరెవరు పోవుదురో చదువరు లెఱుగనిది గాదు. చెంచులును చుట్టుపట్ల గ్రామస్థులును ఎదిరించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకములు వలదని యేకగ్రీవముగ తీర్మానించెను.

తీర్మానము నేడుండి రేపు మాఱవచ్చును. 2006 నాటి అటవీహక్కుల చట్టము తన యడవిని కాపాడుకొను నధికారమును గ్రామసభ కిచ్చినది. ఇకమీద నెవరు వెదక వచ్చినను మొదట కూర్చుండవలసినది చెంచుపెంటలో, ఆ సభ యెదుటనే.