గాలికి అడ్డం

నలభైయేళ్ళు దాటిన మనిషి మోటారు సైకిలు కొంటానంటే ఇంట్లోవాళ్ళు ముందు అతని మొహంకేసి చూస్తారు. మా ఆవిడా అలాగే చూసింది.

"కాలేజీకి పోవడానికి స్కూటరు చాలదూ?" అంది.

కాలేజీకి కాదు. పెళ్ళైన కొత్తలో బిజాపూరు గోల్‌గుంబజ్ చూపిస్తానని మాట ఇచ్చాను. మా మొయినాబాదులోంచి చేవెళ్ళ మీదుగా పోయేది బిజాపూరు రోడ్డే. రోడ్డు గుమ్మంలో వుంది. మాట మాత్రం పద్ధెనిమిదేళ్ళుగా కదలలేదు.

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. పద్యంలో గణం తప్పితే పట్టుకోగలను గాని, ఇంజను సంగతి నాకేం తెలుసు? అంచేత నెలరోజులు కూర్చుని చదివాను. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగు రెట్లవుతుందట. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో దాన్ని రొమ్ముతో ఎదుర్కొంటూ పోతే సాయంత్రానికి మెడా, భుజాలూ మనవి కావు. కనక గాలికి అడ్డం వుండి తీరాలని తీర్మానించాను.

చివరికి రాయల్ ఎన్‌ఫీల్డు బండ్లు రెండు మిగిలాయి. మీటియర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు; అందులో ఖరీదైన రకానికి ముందు గాలి అద్దం, వెనక ఆనుకోవడానికి చిన్న దిండు. హిమాలయన్ 450 సీటు ఎత్తు 825. బలం దాదాపు రెట్టింపు. ఎక్కితే గుర్రంమీద కూర్చున్నట్టే. నిజం చెప్పాలంటే నా మనసు గుర్రంమీదే వుంది.

ఒక ఆదివారం రెండింటినీ చేవెళ్ళదాకా నడిపి చూశాను. ఆ దారికి రెండువైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. రోడ్డు వెడల్పుకోసం వాటిని కొట్టవద్దని యేళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది. వాటి నీడలో వున్నంతసేపూ రెండు బండ్లూ ఒకటే అనిపించాయి. చెట్ల వరస తెగి, ఎదురుగా లారీ వచ్చినప్పుడు తేడా తెలిసింది. అద్దం నా ఛాతీని కాచింది గాని, దాని అంచు దాటిన గాలి సరిగ్గా హెల్మెట్టుమీద డప్పు వాయించింది.

చేవెళ్ళలో ఒక మెకానిక్కుతో అన్నాను. అతను నవ్వి, "బండి తప్పు కాదు సారూ. మీరు పొడుగున్నరు. పొట్టోనికైతే గాలి నెత్తిమీదికెళ్ళి పోతది. ఇంకింత పొడుగు అద్దం పెట్టించుకోండ్రి" అన్నాడు.

మరుసటి ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకున్నాను. ముందు గుర్రం. ఎక్కడానికి ఆమెకు మా అరుగు కావలసివచ్చింది. చేవెళ్ళదాకా నా భుజంమీది పట్టు సడలలేదు. తిరిగి వచ్చి రెండో బండిమీద బయలుదేరాం. రెండు కిలోమీటర్లు పోకముందే ఆ చెయ్యి భుజం వదిలేసింది. నాకే భయం వేసి వెనక్కి పిలిచాను.

"వున్నానండీ! ఆనుకుని చెట్లు చూస్తున్నాను" అంది.

చేవెళ్ళలో టీ తాగుతూ, "గాలి ఎందులో తక్కువ?" అని అడిగాను.

"గాలా? నాకెప్పుడు తగిలింది? ముందు మీరున్నారుగా. నాకు కావలసింది నడుముకు ఆసరా."

నెలరోజులూ నా రొమ్ముకు తగిలే గాలినే కొలిచాను. వెనక కూర్చునే మనిషి నడుము సంగతి ఒక్క కాగితంమీదా రాసుకోలేదు. ఆమెకోసం కొంటున్నానని చెప్పి, నాకోసం ఎంచుకోబోయాను.

మీటియరే కొన్నాం. పొడుగు అద్దం పెట్టించాను. సంక్రాంతి సెలవుల్లో ప్రయాణం.

"గోల్‌గుంబజ్‌లో ఒక్క మాట అంటే ఏడుసార్లు వినిపిస్తుందటగా?" అంది మా ఆవిడ. "ఆలస్యమైందని అక్కడ ఒక్కసారి అనండి, చాలు."