వెండి తీగల నెమలి

పసుపు వ్యాపారానికి పేరుపడిన ఆర్మూరులో వెండి అనగానే పట్టీలు, మట్టెలే గుర్తుకొచ్చినా, ఆగ్నేయాన ఉన్న కరీంనగర్‌లో అదే లోహం ఫిలిగ్రీగా, అంటే సన్నని తీగల అల్లికగా, నెమళ్ల, చిలుకల, ఆకుల రూపం దాలుస్తుంది. ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు, అనగా పుట్టినచోటి పేరుకు చట్టం కల్పించే రక్షణ, లభించింది. కమ్మచ్చులో, అంటే క్రమంగా చిన్నవయ్యే రంధ్రాలున్న ఉక్కు పలకలో, సాగదీసిన పోగులను రెండేసి మెలిపెట్టి, అదిమి, మందపు తీగతో కట్టిన పక్షి ఆకారంలో చుట్లుగా నింపి, వెలిగారం సాయంతో టంకం పెట్టి అతికిస్తారు. పోతబొమ్మ బరువుతో మెప్పిస్తే, ఈ నెమలి ఖాళీలతోనే పురివిప్పుతుంది. కనుక (పసుపు బస్తాకు చెల్లే) తూకపు లెక్కతో దీనికి వెలకట్టడం అన్యాయమే, ఎందుకంటే పోగు సన్నబడేకొద్దీ వెండి తగ్గి, పనివాడి శ్రమ పెరుగుతుంది.